దయకూ జీతం కావాలి

ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లవారుతూనే విజయవాడ ఆటోనగర్ చుట్టుపక్కల సందుల్లో తలుపులు తడతారు. పటమట, కానూరు, ఎనికేపాడు, రామవరప్పాడు వైపు చిన్న చిన్న ఇళ్లలో, అద్దె గదుల్లో ఉండే ముసలివాళ్ల దగ్గరికి గ్రామ, వార్డు సచివాలయం ఉద్యోగి ఫోనూ, వేలిముద్ర పరికరమూ, డబ్బు సంచీ పట్టుకుని వస్తారు. పింఛను తీసుకునే పెద్దాయన ముప్పై ఏళ్లు లేత్ మీదో, వెల్డింగు దగ్గరో, లారీ కమాన్ కట్టలు కొడుతూనో బతికినవాడైతే ఆ వేళ్ల మీద గీతలు మిగలవు. “బొటనవేలు పడట్లేదు బాబాయ్, ఉంగరం వేలు పెట్టు” అంటారు. అదీ పడకపోతే ముఖం ఫొటో తీస్తారు. చివరికి ఏదో ఒకటి పడుతుంది. నాలుగు వేల రూపాయలు చేతిలో పెట్టి పక్కింటికి వెళ్తారు.

ఆ రెండు నిమిషాల్లో ఉద్యోగి కంటికి చాలా కనబడతాయి. మంచం పక్కన నిన్నటి పళ్లెం. వీపు మీద పడక పుండు, దాని వాసన. పనికి వెళ్తూ బయట గొళ్లెం పెట్టుకుపోయిన కొడుకూ కోడలూ. డబ్బు తీసుకున్న మామ్మ చేతిలోంచి అప్పుడే ఆ నోట్లు లాక్కుంటున్న మనవడు. చూసిన మనిషికి మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ ఉద్యోగి ఆ ఉదయం ఇంకా ఎన్నో గడపలు తొక్కాలి. పింఛను అందిందా లేదా అన్నదే ఆ రోజు లెక్క.

ఆ మంచం మీది మనిషి ఎవరి బాధ్యత? ఈ ప్రశ్నకు తెలుగువాళ్ల దగ్గర జవాబులకు కొరత లేదు. కన్నకొడుకుది అంటారు. కొడుకు లేకపోతే పుణ్యాత్ములది అంటారు. ఈ మధ్య ప్రభుత్వానిది అనే మాటా అలవాటైంది. ఈ మూడు జవాబుల కిందా, ఎవరూ పైకి అనని నమ్మకం ఇంకొకటుంది. అసహాయుణ్ణి చూసుకోవడం మనసుతో చేయాల్సిన పని, డబ్బు తీసుకుని చేస్తే అది సేవ కాదు, కూలి అని. వినడానికి ఎంతో పవిత్రంగా ఉంటుంది. కృష్ణా డెల్టాలో ఇన్ని శతాబ్దాలుగా జరిగినదాన్ని కాస్త దగ్గరగా చూస్తే మాత్రం, దిక్కులేనివాళ్లకు ఎక్కువ చేటు చేసింది ఈ నమ్మకమేనని ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఆటోనగర్ సంగతే చూడండి. ఛాసిస్ ఒక్కటే వేసుకుని వచ్చిన లారీ ఇక్కడ క్యాబిన్ తొడుక్కుని, బాడీ కట్టించుకుని, రంగులు పూయించుకుని రోడ్డెక్కుతుంది. వడ్రంగి, వెల్డరు, టింకరు, పెయింటరు, రేడియేటరు మేస్త్రీ, వాళ్ల కింద పని నేర్చుకునే కుర్రాళ్లు. ఎక్కువ భాగం నలుగురైదుగురు పనిచేసే షెడ్లే. పదిమంది లేని చోట ఈఎస్ఐ మామూలుగా వర్తించదు. గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నా ఆ చిన్న షెడ్డు కుర్రాడికి అది తన ఆసుపత్రి కాదు. జాకీ జారి కాలు నలిగితే ఓనరు ఆసుపత్రి బిల్లు కడతాడు, నెలా రెండు నెలలు ఇంటికి డబ్బు పంపుతాడు. చాలామంది ఓనర్లు నిజంగానే మంచివాళ్లు. ఆ తర్వాత కొత్త కుర్రాడు వస్తాడు, పాతవాడు క్రమంగా ఎవరికీ గుర్తుండడు. పనిలో దెబ్బతిన్నవాడికి పరిహారం హక్కుగా రావాలని 1923 నాడే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా స్మృతిలో కలిసింది. నూరేళ్లు దాటిన ఆ హక్కు షెడ్లలో ఇప్పటికీ ఓనరు దయ రూపంలోనే తిరుగుతోంది. దయ చూపిన మనిషిని నిలదీయలేం కదా! హక్కు దయగా మారిపోయినప్పుడు జరిగే మొదటి నష్టం ఇదే.

ప్రభుత్వం కూడా ఈ నమ్మకం మీదే ఒక పెద్ద వ్యవస్థను కట్టింది. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో వలంటీర్ల వ్యవస్థ మొదలైంది. సుమారు యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. రాష్ట్రమంతా కలిపి రెండున్నర లక్షల మందికి పైగా యువతీ యువకులు. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో, ఎవరికి మందులు అయిపోయాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియలేదు. 2021 ఫిబ్రవరిలో విజయవాడలో కొందరు వలంటీర్లు జీతం పెంచమని రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం కాదు, స్వచ్ఛంద సేవ అని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి వాళ్లకు బహిరంగ లేఖ రాశారు. సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అని బిరుదులిచ్చి శాలువాలు కప్పారు.

2024 ఎన్నికలొచ్చాయి. వలంటీర్లు డబ్బు పంచకూడదని ఎన్నికల సంఘం చెప్పింది. ఏప్రిల్ ఎండలో ముసలివాళ్లు సచివాలయాల ముందు, ఆ తర్వాత బ్యాంకుల ముందు నిలబడ్డారు. కొందరు మంచాల మీద మోయించుకుని వచ్చారు. ఎండకు తాళలేక కొందరు చనిపోయారని వార్తలొచ్చాయి. తప్పు మీదంటే మీదని పార్టీలు కొట్టుకున్నాయి. గౌరవ వేతనం పదివేలు చేస్తామన్న హామీతో అధికారంలోకి వచ్చిన కొత్త ప్రభుత్వం వలంటీర్లను కొనసాగించలేదు. 2024 జులై 1న సచివాలయ ఉద్యోగులే సుమారు 65 లక్షల మందికి ఇళ్ల దగ్గర పెంచిన పింఛను ఇచ్చారు. డబ్బు ఆగలేదు, అది గొప్పే. కానీ ఆ యాభై ఇళ్ల గురించి ఐదేళ్లలో ఒక మనిషి తెలుసుకున్నదంతా ఆ మనిషితోనే పోయింది. ఉద్యోగం కాదన్నదాన్ని తీసేయడానికి నోటీసు కూడా అక్కర్లేదు మరి. ఇందులో ఒక పార్టీని తిట్టి ఇంకో పార్టీని పొగడాల్సిన పని లేదు. ఒకరు దాన్ని సేవ అన్నారు కాబట్టే ఇంకొకరు దాన్ని అంత తేలిగ్గా ఆపేయగలిగారు.

అసహాయులను చూసుకునేవాళ్లకు జీతభత్యాలు రాసిపెట్టడం మన సంప్రదాయంలో లేదనుకుంటే పొరపాటు. ఆటోనగర్ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి అవతలి ఒడ్డున కాసేపు ప్రయాణిస్తే మందడం, వెలగపూడి, మల్కాపురం వస్తాయి. ఈనాటి రాష్ట్ర సచివాలయం ఉన్నది వెలగపూడిలోనే. మల్కాపురంలో నంది కూర్చున్న ఒక పెద్ద రాతి స్తంభం ఉంది. దాని మీద 1261 నాటి కాకతీయుల శాసనం. కాకతీయ రాజు గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామాన్ని, రాజు కూతురు రుద్రమదేవి వెలగపూడిని, కృష్ణలోని లంక భూములతో సహా ఇచ్చారు. దానం పుచ్చుకున్న ఆచార్యుడు చేసిన పనే అసలు విశేషం. అగ్రహారం కట్టించి బ్రాహ్మణ కుటుంబాలకు పంచగా మిగిలిన భూమిని మూడు భాగాలు చేశాడు. ఒక భాగం శివాలయానికి. ఒక భాగం విద్యార్థులకూ శైవ మఠానికీ. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రానికి. అంటే దేవుడికెంతో పురిటి మంచానికీ, రోగి పక్కకీ, ఆకలికీ కలిపి అంత.

శాసనం అక్కడితో ఆగలేదు. వేదాలు చెప్పేవాళ్లు ముగ్గురు, తర్కమూ సాహిత్యమూ ఆగమమూ చెప్పేవాళ్లు ఐదుగురు, వైద్యుడు ఒకడు, లెక్కలు రాసే కాయస్థుడు ఒకడు. కావలివాళ్లు, వంటవాళ్లు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, ఇలా ఎవరు ఎంతమందో, ఎవరి బతుకుతెరువుకు ఎంత భూమో లెక్కగా చెక్కించారు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలన్నారు. పీఠం మీద కూర్చున్న ఆచార్యుడు దారి తప్పితే శైవ సమాజం అతణ్ణి తప్పించి ఇంకొకరిని నియమించుకోవచ్చని కూడా రాసుకున్నారు. ఇది బ్రాహ్మణ అగ్రహారమే, కులాల మెట్లున్న ఊరే; అందరినీ సమానంగా చూసిందని చెప్పడం అబద్ధమవుతుంది. అయినా ఆ రాయి ముందు నిలబడితే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఆచార్యుడు మనుషులు దయగలవాళ్లుగా ఉండండని బోధించి ఊరుకోలేదు. దయ రేపు పొద్దున కూడా పనిలోకి రావాలంటే దానికి పోస్టు, జీతం, లెక్క, పైన అడిగేవాడు కావాలని ఆయనకు తెలుసు. ఆ పోస్టుల జాబితాను దేవుడి ఆస్తి పక్కనే చెక్కించాడు. అది గుమస్తా పని అనుకోలేదు, ధర్మకార్యం అనుకున్నాడు.

మిగిలిన మతాలు కూడా ఈ చిక్కును ఎదుర్కొన్నవే. గుణదల మేరీమాత కొండకు ఫిబ్రవరిలో లక్షల మంది వస్తారు. వాళ్లు చదివే అపొస్తలుల కార్యాలలో ఆరో అధ్యాయం ఇదే గొడవతో మొదలవుతుంది. యెరూషలేములోని తొలి క్రైస్తవుల్లో రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ఓర్చుకోండి అనలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఎంచుకోమని చెప్పి ఆ పని వాళ్లకు అప్పగించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల భాష వచ్చినవాళ్లనే ఆ పనిలో పెట్టారన్నమాట. సిబ్బందిని ఎంచుకోవడంలో ఇంతకంటే తెలివైన నిర్ణయం ఈ రోజుల్లో కూడా అరుదు. ఇక ఖురాన్ తొమ్మిదో సూరాలో జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా చెప్పారు. పేదలు, నిరుపేదలు అన్న వెంటనే మూడో వర్గంగా వచ్చేది జకాత్ వసూలు చేసి చూసుకునే పనివాళ్లు. బీదల సొమ్ములోంచి ఆ పని చేసేవాడికి జీతం ఇవ్వడాన్ని దైవాజ్ఞలోనే చేర్చారు. దాన్ని దొంగతనంగానో, తక్కువ రకం భక్తిగానో చూడలేదు.

బౌద్ధం ఈ డెల్టాలో ఘంటసాల, భట్టిప్రోలు, అమరావతి స్తూపాల చుట్టూ వర్ధిల్లింది. వినయపిటకంలోని మహావగ్గలో ఒక ఘట్టం ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును ఎవరూ పట్టించుకోరు. అతను ఎవరికీ ఉపయోగపడడు కాబట్టి. బుద్ధుడూ ఆనందుడూ అతణ్ణి కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెడతారు. ఆ తర్వాత బుద్ధుడు భిక్షువులను పిలిచి, మిమ్మల్ని చూసుకోవడానికి ఇక్కడ తల్లీ తండ్రీ లేరు కదా, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడుగుతాడు. ఈ మాట అందరికీ తెలుసు. దాని తర్వాత ఉన్నది అంతగా ఎవరూ చెప్పుకోరు. రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన లక్షణాలు వరసగా చెప్పారు: మందు కలపడం తెలియాలి, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, ఆశతో కాక ప్రేమతో చూడాలి, మలమూత్రాలకూ వాంతికీ అసహ్యించుకోకూడదు, రోగికి ధైర్యం చెప్పగలగాలి. ప్రేమ ఒక్కటే చాలనలేదు. పని రావాలన్నారు.

పక్కనున్న గోదావరి డెల్టాలో ఒక్కరి దయ ఎంత దూరం వెళ్లగలదో చూపిన మనిషి డొక్కా సీతమ్మ. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆమె గోదావరి లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరొచ్చినా వండి పెట్టింది. ఆమె పేరు 2024లో రాష్ట్రప్రభుత్వం బడుల మధ్యాహ్న భోజనానికి పెట్టింది. చక్కని గౌరవం. ఆ భోజనం వండే ఆయాలకు నెలకు వచ్చేది 3,000 రూపాయలు; 2019కి ముందు అది వెయ్యే. సీతమ్మ తన ఇంటి పొయ్యి మీద వండింది, తన ఆస్తి ఖర్చుపెట్టింది. ఆ ఆయాలకు ఆస్తి లేదు. సీతమ్మ త్యాగాన్ని వాళ్ల నుంచి ఆశించే హక్కు ఎవరికీ లేదు.

మతం పునాదిగా ఉంటేనే సేవ నిలుస్తుందనే వాదం కూడా విజయవాడలో చెల్లదు. ఆటోనగర్‌కు దగ్గర్లోనే, బెంజ్ సర్కిల్ దాపున నాస్తిక కేంద్రం ఉంది. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చారు. దేవుడు లేడన్నందుకు కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్న గోరా, గాంధీకి ఆత్మీయుడై సేవాగ్రాంలో ఉన్నాడు. ఆయన కూతురు చెన్నుపాటి విద్య విజయవాడ నుంచి రెండుసార్లు లోక్‌సభకు గెలిచింది, వాసవ్య మహిళా మండలిని దశాబ్దాలు నడిపింది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు నాస్తికులూ, సన్యాసులూ, క్రైస్తవ సోదరీమణులూ ఒకే బురదలో పనిచేశారు. శవాలను ఎత్తేటప్పుడు ఎవరి దేవుడు ఎవరో ఎవరూ అడగలేదు. పుణ్యం కోసం చేసినవాళ్లూ, పుణ్యాన్ని నమ్మకుండా చేసినవాళ్లూ ఒకే పని చేస్తే, ఆ పనికి ఆధారం పుణ్యం కాదు. ఎదురుగా ఉన్న మనిషి అవసరమే ఆధారం.

కుటుంబం సంగతి మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు చెప్పాడు. మిథిలలో మాంసం అమ్ముకుని బతికేవాడు అతను. వేదం చదివిన కౌశికుడు ధర్మం నేర్చుకోవడానికి అతని అంగడికి వస్తాడు. వ్యాధుడు అతణ్ణి ఇంటికి తీసుకెళ్లి, ముసలి తల్లిదండ్రులను తాను ఎలా చూసుకుంటున్నాడో చూపిస్తాడు. నీ తల్లిదండ్రులను వదిలి వచ్చావు, వెనక్కి వెళ్లు అంటాడు. ఆటోనగర్‌లో ఇలాంటి ధర్మవ్యాధులు వందల్లో ఉన్నారు. మసి చేతులతో ఇంటికి పోయి, స్నానం చేసి, పక్షవాతం వచ్చిన నాన్నకు తామే అన్నం తినిపించేవాళ్లు. కానీ వ్యాధుడి అంగడికీ ఇంటికీ మధ్య దూరం తక్కువ. వెల్డరు పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తాడు. భార్య ఏ అపార్టుమెంట్లోనో పనికి వెళ్తుంది. పని మానితే ఆ రోజు కూలి లేదు. బయట గొళ్లెం పెట్టి వెళ్లిన ప్రతి కొడుకూ దుర్మార్గుడు కాడు. వాళ్లలో చాలామందికి ఇంకో దారి లేదు.

చట్టం మాత్రం కొడుకునే చూస్తుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. వదిలేసిన పిల్లలకు మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. నెలకు పది వేల దాకా మనోవర్తి. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్. ఆస్తి రాయించుకుని గెంటేస్తే ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్ ఇచ్చింది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చదవాలంది. ఎంతోమంది అమ్మలు ఇల్లు వెనక్కి తెచ్చుకున్నది దీనితోనే, ఆ మేలు చిన్నది కాదు. అసోంలో 2017లో చట్టం చేసినట్టే, తల్లిదండ్రులను చూడని ఉద్యోగుల జీతం కోస్తామని 2025లో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. జీతం చీటీ ఉన్నవాళ్లకు అది భయం పెడుతుంది. షెడ్డులో రోజుకూలీకి కోయడానికి జీతమే లేదు. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, నూట యాభై మంది నిరుపేదలకు సరిపడేది, ప్రభుత్వం పెట్టవచ్చని అదే చట్టం 19వ సెక్షన్ అంటుంది. పెట్టి తీరాలని అనదు. కొడుకుకు జైలు, ప్రభుత్వానికి వెసులుబాటు.

అరణ్యపర్వంలోనే యక్షప్రశ్నలున్నాయి. తమ్ముళ్లలో ఒకణ్ణి బతికిస్తానన్నప్పుడు ధర్మరాజు భీముణ్ణీ అర్జునుణ్ణీ కాదని నకులుణ్ణి కోరుకుంటాడు. కుంతికి నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు ఉండాలి అంటాడు. క్రూరత్వం లేకపోవడమే పరమధర్మమని అక్కడ అతని వాదం. తన తల్లికీ, మాట్లాడటానికి అక్కడ లేని ఇంకో తల్లికీ సమానంగా లెక్క చూడటం రక్తసంబంధం నేర్పేది కాదు, పరిపాలించేవాడికి ఉండాల్సిన గుణం. కొడుకులేని మాద్రుల కోసమే ప్రభుత్వాలూ, పంచాయతీలూ, సచివాలయాలూ ఉన్నాయి.

జీతం ఇచ్చి మనుషుల్ని పెడితే అంతా చక్కబడుతుందా? పడదు. కాపాడటంలోనే ఒక ప్రమాదం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక పాకకు నిప్పంటుకుంది. దర్గా మహిమతో మనసు కుదుటపడుతుందని కుటుంబాలు తెచ్చి వదిలిన 28 మంది మానసిక రోగులు చనిపోయారు. వాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు, పరుగెత్తలేకపోయారు. అక్కడికి తెచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. తప్పిపోతారని, దెబ్బలు తగిలించుకుంటారని, వాళ్ల మంచికేనని కట్టేశారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదంది. ఇంటి బయట పెట్టే గొళ్లెం కూడా ఆ గొలుసుకు చుట్టమే.

మన ఇళ్లలో ముసలివాళ్లను చంటిపిల్లల్లా చూడటం ప్రేమ అనుకుంటాం. నాన్నకు చెప్పకుండా నాన్న ఇల్లు అమ్ముతాం, అమ్మ వద్దన్నా ఆశ్రమంలో చేరుస్తాం, చెవులు వినబడని పెద్దమ్మ ఎదుటే ఆమె గురించి ఆమె లేనట్టు మాట్లాడతాం. స్త్రీని బాల్యంలో తండ్రి, యౌవనంలో భర్త, ముసలితనంలో కొడుకు కాపాడాలన్న మనుస్మృతి, అదే ఊపులో ఆమెకు స్వాతంత్ర్యం తగదంది. రక్షణ మాటున స్వేచ్ఛ లాక్కోవడం అంత పాతది. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీనికి ఎదురు నిలబడింది: వైకల్యం ఉన్నవాళ్లకు చట్టం ముందు అందరితో సమానంగా నిర్ణయాధికారం ఉందంది, హింస, దోపిడీ జరుగుతుంటే ఎవరైనా మెజిస్ట్రేటుకు చెప్పవచ్చంది. అసహాయుడైన పెద్దమనిషి ముందుగా పెద్దమనిషి. తన మంచం ఎక్కడ వేయాలో, డబ్బు ఎవరికివ్వాలో, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే హక్కు అతనికుంది, ఆ నిర్ణయం మనకు నచ్చకపోయినా. ఆ మాట ఎక్కడి దాకా వినాలి, ఎప్పుడు అడ్డుపడాలి అన్నది మనసు మంచిదైతే తెలిసిపోయేది కాదు. నేర్చుకోవాల్సిన పని. అందుకే శిక్షణ ఉన్న ఉద్యోగి కావాలి. బుద్ధుడి జాబితాలో పని రావాలన్న మాట ఇక్కడికే వస్తుంది.

అలాంటి ఉద్యోగి ఇప్పుడు ఉన్నారా? 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలైనప్పుడు వార్డులో ఉన్న పోస్టుల్లో మహిళలు, బలహీన వర్గాల రక్షణ కార్యదర్శి ఒకటి. ఉద్దేశం సరిగ్గా ఇదే. ఆ తర్వాత వాళ్లను మహిళా పోలీసులన్నారు, బందోబస్తులకూ సర్వేలకూ తిప్పారు. 2025 జనవరిలో సచివాలయాలను జనాభాను బట్టి వర్గీకరించారు: 2,500 లోపు ఉంటే ఆరుగురు, 3,500 దాకా ఏడుగురు, అంతకు మించితే ఎనిమిది మంది. ఇంటి పన్ను, నీళ్లు, పారిశుద్ధ్యం, సర్టిఫికెట్లు, సర్వేలు, పింఛన్లు అన్నీ వాళ్ల మీదే. అదే ఏడాది సదరం వైకల్య ధ్రువపత్రాలు మళ్లీ తనిఖీ చేయించినప్పుడు నడవలేనివాళ్లు ఆసుపత్రులకు తిరిగారు; వాళ్లను పట్టుకుని తీసుకెళ్లడం ఎవరి డ్యూటీ అన్నది ఎక్కడా రాసి లేదు. 2007 చట్టం కింద కేంద్రం రాసిన నమూనా నియమాల్లో ప్రతి పోలీసు స్టేషనూ ఒంటరి వృద్ధుల జాబితా పెట్టుకోవాలని, వీలైనంతవరకు ఒక సామాజిక కార్యకర్తతో కలిసి నెలకోసారి వాళ్ల ఇంటికి వెళ్లాలని ఉంది. ఆ సామాజిక కార్యకర్త ఏ సచివాలయంలో ఉన్నారో వెతికితే కుర్చీయే కనబడదు.

ఇంగ్లండులో 2014 కేర్ చట్టం 42వ సెక్షన్ ప్రకారం, సాయం అవసరమైన పెద్దవాళ్లెవరైనా హింసకో నిర్లక్ష్యానికో గురవుతున్నారని, తమను తాము కాపాడుకోలేరని అనుమానం వస్తే స్థానిక సంస్థ విచారించి తీరాలి. అక్కడా సిబ్బంది చాలరు, తప్పులు జరుగుతాయి. కానీ ఎవరు వెళ్లాలన్న ప్రశ్నకు అక్కడ జవాబు ఉంది. ఇక్కడ ఉన్నది 14567 అనే ఎల్డర్‌లైన్. టాటా ట్రస్ట్స్ సాయంతో హైదరాబాద్‌లో మొదలై, 2021 అక్టోబరు 1న దేశమంతటికీ వచ్చింది. మంచి నంబరు. మంచం మీద ఫోను లేకుండా పడి ఉన్న మనిషి తరఫున ఎవరో ఒకరు చేయాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆటోనగర్‌లో పనిచేసే ఎన్నో కుటుంబాలు రోజుల తరబడి మేడల మీద ఉన్నాయి. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు నెలకు 15,000 ఇచ్చే ప్రభుత్వం దగ్గర ఆ మనిషి ఏ డోర్ నంబరులో ఉన్నాడో రాసి ఉంటుంది. ఆ జాబితా డబ్బు పంచడానికే కాదు, పడవ మొదట ఏ గుమ్మానికి వెళ్లాలో చెప్పడానికి కూడా పనికొస్తుంది. అది పట్టుకుని పడవలో కూర్చునే మనిషి ఎవరన్నది మాత్రం వరద రాకముందే తేల్చుకోవాలి.

అడగాల్సింది పెద్ద కోరిక కాదు. వార్డు సచివాలయానికి ఒక్క పోస్టు: వృద్ధులు, వికలాంగులు, మానసిక రోగులు, పనిలో దెబ్బతిన్నవాళ్లు, వీళ్లను చూడటమే పనిగా ఉన్న మనిషి. శిక్షణ ఇచ్చి, గౌరవ వేతనం కాక జీతం ఇచ్చి, బందోబస్తు డ్యూటీలు వేయకుండా, ప్రభుత్వం మారినా తీసేయలేని పోస్టు. ఆ పోస్టులో వీలైతే ఆ కష్టం పడ్డ ఇళ్లనుంచే, వైకల్యం ఉన్నవాళ్లలోంచే మనుషుల్ని తీసుకోవాలి. షెడ్ల ఓనర్లు తమ దగ్గర దెబ్బతిన్న కుర్రాడి పేరు ఆ మనిషికి ఇవ్వాలి, పరిహారం దరఖాస్తు మీద సంతకం పెట్టాలి. మల్కాపురం రాతికీ వెలగపూడి సచివాలయానికీ మధ్య దూరం నడిచి వెళ్లేంతే. ఈసారి మీ కార్పొరేటరో, ఎమ్మెల్యేనో ఓటు కోసమో, శంకుస్థాపనకో మీ వీధికి వచ్చినప్పుడు ఈ ఒక్క పోస్టు గురించి అడగండి. పక్కింట్లో బయట గొళ్లెం కనబడితే 14567కు మీరే ఫోన్ చేయండి.